గడ్డికట్టల గోడలో కిటికీ అరుగు: కృష్ణా దిగువ డెల్టాకు తగిన నిర్మాణ విధానం

కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలో మిగిలి ఉన్న పాత పెంకుటిళ్ళలో గోడలు మూరెడు మందం ఉండడం చూడవచ్చు. అంత మందమైన గోడకు కిటికీ అమర్చినప్పుడు లోపలివైపు సహజంగానే ఒక గూడు ఏర్పడుతుంది. పిల్లలు కాళ్ళు ముడుచుకొని చదువుకోవడానికి, పెద్దలు మధ్యాహ్నం వేళ వీధిని చూస్తూ నడుము వాల్చడానికి ఆ గూడు అనువుగా ఉంటుంది. ఇంటి వెలుపల వీధి అరుగు చేసే పనినే ఇంటి లోపల కిటికీ గూడు చేస్తుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు వాడుకలోకి వచ్చిన తరువాత గోడ పలుచబడింది. గోడతో పాటు ఆ చోటు కూడా పోయింది. నేడు కిటికీ దగ్గర కూర్చోవాలంటే కుర్చీ వేసుకోవలసిందే.

వరిగడ్డిని బేలరు యంత్రంతో నలుచదరపు కట్టలుగా బిగించి, వాటిని ఇటుకల వలె పేర్చి, ఇరువైపులా మట్టి లేదా సున్నం పూసి కట్టే గోడలో ఆ మందం తిరిగి లభిస్తుంది. ఇటువంటి కట్ట సాధారణంగా 45 సెంటీమీటర్ల వెడల్పు, 35 సెంటీమీటర్ల ఎత్తు, 90 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అందువల్ల సొంతంగా ఇల్లు కట్టుకొనే రైతుకు కిటికీ అరుగు దాదాపు అదనపు ఖర్చు లేకుండానే సమకూరుతుంది. అయితే గడ్డి గోడ కుళ్ళడం మొదలయ్యే అవకాశం అన్నింటికంటే ఎక్కువగా ఉండేది కూడా ఆ కిటికీ అడుగునే. కూర్చోవడానికి హాయిగా ఉండే చోటే గోడకు ప్రాణాపాయమైన చోటు కావడం వల్ల, మిగిలిన గోడ కంటే ఆ నాలుగడుగుల స్థలం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టవలసి ఉంటుంది.

ఈ పద్ధతి పుట్టినది అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో, కలప దొరకని ఇసుక దిబ్బల ప్రాంతంలో స్థిరపడిన వ్యవసాయదారులు, అప్పుడే వచ్చిన గడ్డికట్టే యంత్రాలతో తయారైన కట్టలతో ఇళ్ళు కట్టుకొన్నారు. అక్కడి ఆర్థర్ గ్రామంలో 1928లో గడ్డికట్టలతో కట్టిన చర్చి నేటికీ నిలిచి ఉంది. వరిగడ్డి విషయానికి వస్తే కాలిఫోర్నియా అనుభవం మనకు దగ్గరైనది. శాక్రమెంటో లోయలో పొలాల్లో వరిగడ్డి తగలబెట్టడాన్ని క్రమంగా తగ్గించేందుకు 1991లో చట్టం వచ్చిన తరువాత, ఆ గడ్డిని ఇళ్ళ గోడలకు వాడడం మీద ఆసక్తి పెరిగింది. అమెరికాలో అనుసరించే అంతర్జాతీయ నివాస గృహ నియమావళిలో 2015 నుండి గడ్డికట్టల నిర్మాణానికి ప్రత్యేక అనుబంధం ఉంది.

ఆ దేశాలలో కిటికీ అరుగును శీతాకాలపు ఎండ కోసం కోరుకుంటారు. మచిలీపట్నంలోనూ గుడివాడలోనూ కావలసినది నీడ, గాలి. ఈ తేడాను గమనించకుండా విదేశీ నమూనాను యథాతథంగా అనుసరిస్తే, పెద్ద అద్దం బిగించిన కిటికీ వెనుక మే నెలలో ఎవరూ కూర్చోలేని అరుగు మిగులుతుంది.

గోడ పనితనం

తొమ్మిది అంగుళాల ఇటుక గోడతో పోలిస్తే 45 సెంటీమీటర్ల గడ్డికట్టల గోడ గుండా ప్రసరించే వేడి పదోవంతు కూడా ఉండదు. పడమటి ఎండకు కాగిన ఇటుక గోడ రాత్రి పది గంటల వరకు సెగ చిమ్మడం డెల్టా వాసులకు అనుభవమే. గడ్డి గోడకు ఆ గుణం లేదు. దానిని ఆనుకొని కూర్చున్న వారి వీపుకు వేడి తగలదు. వరిగడ్డిలో సిలికా అధికంగా, శుష్కభారంలో సుమారు పదోవంతు, ఉంటుంది. పశువులకు ఈ గడ్డి తేలికగా జీర్ణం కాకపోవడానికి గల కారణాలలో ఇదొకటి. ఇతర ధాన్యపు గడ్డి కంటే ఇది నెమ్మదిగా చివకడానికి కూడా ఇదే తోడ్పడుతుంది.

నిప్పు భయం సహజం. గడ్డివాము అంటుకొంటే ఏమవుతుందో తెలియని ఊరు లేదు. అయితే బిగువుగా కట్టి, ఇరువైపులా పూత వేసిన గోడలోకి గాలి చొరబడదు. 2006లో అమెరికాలో జరిపిన ప్రామాణిక అగ్నిపరీక్షలలో మట్టి పూత వేసిన గడ్డి గోడ ఒక గంట, సిమెంటు పూత వేసిన గోడ రెండు గంటలు మంటకు నిలిచాయి. ప్రమాదమంతా పూతకు ముందే, విడిగడ్డి నేలంతా పరుచుకొని ఉన్న రోజులలోనే ఉంటుంది. ఆ రోజులలో పనిచోట బీడీ, వెల్డింగు రెండూ నిషేధించాలి.

నిప్పు కంటే నీరే పెద్ద శత్రువు. గడ్డిలో తేమ 20 శాతం దాటి చాలా రోజులు నిలిచిపోతే బూజు మొదలవుతుంది. ఆపైన పెరిగితే గడ్డి నల్లబడి చివుకుతుంది. ధాన్యం అమ్మకంలో 17 శాతం తేమ నియమం తెలిసిన రైతుకు ఈ లెక్క కొత్త కాదు. గోడకు పెట్టే గడ్డిలో తేమ 15 శాతం మించకుండా చూసుకోవడం క్షేమం. కట్ట నడిమి నుండి తీసిన 100 గ్రాముల గడ్డిని 105 డిగ్రీల వద్ద ఓవెన్‌లో బరువు మారనంత వరకు ఆరబెడితే కనీసం 85 గ్రాములు మిగలాలి.

ఏ గడ్డి, ఏ ఊరు

పైన చెప్పిన కొలత గల కట్ట పొడిగా ఉన్నప్పుడు 15 కిలోలకు తగ్గరాదు. తాళ్ళు పట్టుకొని ఎత్తినప్పుడు నడుము జారకూడదు. తడిసిన కట్ట కూడా బరువు తూగుతుంది కనుక తేమ చూడకుండా బరువును నమ్మరాదు. గుండ్రంగా చుట్టే బేలర్ల కట్టలు గోడకు పనికిరావు; అద్దెకు మాట్లాడేటప్పుడే ఏ రకం యంత్రమో అడగడం అవసరం.

సార్వా కోతకు ముందే చేలో మినుము చల్లే పొలాలలో యంత్రాలు దిగితే మొలక దెబ్బతింటుంది. అక్కడ వరిని చేతితో కోసి, పనలు ఆరిన తరువాత కట్టలు కట్టి గట్టుకు చేరుస్తారు. ఆ గడ్డి ఎక్కువగా వాములకు, పశువులకు చేరుతుంది. కాబట్టి గోడకు గడ్డి దొరికేది మినుము వేయని, యంత్రంతో కోసిన చేలలోనే. దాళ్వా పండే చోట్ల ఏప్రిల్ ఎండలో ఆరిన గడ్డి అన్నిటికంటే మేలైనది. సార్వా గడ్డి అయితే మంచు పదును పోయేదాకా ఎండనిచ్చి కట్టించి, నేల తగలకుండా దుంగల మీద పేర్చి, బరకం కప్పి ఉంచాలి.

ఇక్కడ ఒక లెక్క వేసుకోవడం మంచిది. కిటికీలు, తలుపులు పోగా 50 చదరపు మీటర్ల గోడ గల చిన్న ఇంటికి సుమారు 160 కట్టలు, అంటే రెండున్నర టన్నుల గడ్డి పడుతుంది. రోజుకు ఏడు కిలోల చొప్పున ఒక గేదెకు అది దాదాపు ఏడాది మేత. పాడి ఉన్న ఇంట, మేత కొనుక్కొనే ఊళ్ళో, ఈ గడ్డిని గోడలో పెట్టమనడం సరైన సలహా కాదు. కోసిన గడ్డిని ఎత్తుకొనే వారు లేక చేలోనే తగలబెడుతున్న చోట మాత్రమే ఈ నిర్మాణానికి అర్థం ఉంటుంది.

ఊరి ఎంపికలో మొహమాటం పనికిరాదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలు తీసింది. అంతకు ముందు 1864 నవంబరులో ఇటువంటి ఉప్పెనే మచిలీపట్నాన్ని ముంచింది. నాగాయలంక, కోడూరు మండలాలలోని సముద్రతీర గ్రామాలలో గడ్డి గోడలు నిలబెట్టరాదు. నీట మునిగిన గడ్డికట్ట మళ్ళీ ఆరదు. పూత చాటున చివుకుతుంది. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరులోను ప్రకాశం బ్యారేజి నుండి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చింది. ఆ వరదలు తాకే లంక గ్రామాలకు, 2024లో బుడమేరు నీరు చేరిన గుడివాడ పరిసరాల పల్లపు భూములకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. మిగిలిన మెరక ఊళ్ళలో, పాత వరద గుర్తుకు పైన కనీసం రెండడుగుల ఎత్తున పునాది లేపగలిగితేనే ఈ ఆలోచన చేయవచ్చు.

దిక్కు, నీడ

డెల్టాలో వేసవి సాయంకాలం హాయినిచ్చేది సముద్రం మీదుగా వీచే పైరగాలి. అరుగు గల కిటికీని దక్షిణ, ఆగ్నేయ దిక్కులకు పెడితే ఆ గాలి నేరుగా కూర్చున్న వారికి తగులుతుంది. ఎండ విషయంలో కూడా దక్షిణమే అనుకూలం. మచిలీపట్నం 16 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉన్నందున మే మొదటి వారం నుండి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరంగా ఉంటాడు; ఆ మూడు నెలలు దక్షిణపు గోడ మీద మిట్టమధ్యాహ్నపు ఎండ పడదు. పడమటి గోడలో అరుగు కట్టడం డబ్బు వృథా. వడగాలికి ఆ కిటికీ మూసే ఉంచవలసి వస్తుంది.

కదలని అద్దం కంటే ఇనుప ఊచలు, చెక్క రెక్కలు గల కిటికీ మేలు. రెక్కలను అడ్డంగా రెండు భాగాలు చేస్తే పై భాగం మూసి, కూర్చున్న ఎత్తులో మాత్రం గాలి రానీయవచ్చు.

తుపాను గాలి మాత్రం ఒక దిక్కుకు కట్టుబడదు. వాయుగుండం తీరం దాటే చోటును బట్టి ఈశాన్యం నుండి మొదలైన గాలి ఆగ్నేయానికో వాయవ్యానికో తిరుగుతుంది. ఏ గోడకైనా ఏదో ఒక రాత్రి వాన అడ్డంగా కొట్టక తప్పదు. చూరు ఎంత ముందుకు వస్తే గోడకు అంత రక్షణ. కాని పొడవైన చూరును తుపాను గాలి కింద నుండి పట్టి కప్పును లేపేస్తుంది. ఈ చిక్కుకు పాత ఇళ్ళలోనే పరిష్కారం ఉంది. ప్రధాన కప్పుకు చూరు పొట్టిగా ఉంచి, దాని కింద వేరుగా, వేరే స్తంభాల మీద పంచ దింపాలి. గాలికి పంచ ఎగిరిపోయినా ఇంటి కప్పు దానితో పోదు. పంచ కింద వీధి అరుగు, లోపల కిటికీ అరుగు ఎదురెదురుగా ఉండడం మరొక సౌకర్యం. బయట కూర్చున్న మామ్మ, లోపల కూర్చున్న మనవరాలు గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు.

అరుగు కట్టే క్రమం

కప్పు బరువును గడ్డి మీద మోపకూడదు. సిమెంటు స్తంభాలో, గట్టి సరుగుడు లేదా తాటి చేవ స్తంభాలో నిలిపి, దూలాలు వేసి, కప్పు పూర్తి చేసిన తరువాతే కట్టలు పేర్చాలి. కిటికీ చట్రాన్ని కూడా గడ్డికి కాక రెండు పక్కల స్తంభాలకే బిగించాలి. పని సంక్రాంతి తరువాత మొదలుపెట్టి, తొలకరికి ముందే పూత ముగించడం అనుకూలం.

డెల్టా ఇళ్ళలో ఇటుక గోడలకు నేల నుండి చవుడు ఎక్కి, పూత పొడిపొడిగా రాలడం సర్వసాధారణం. అదే తేమ గడ్డికి ఎక్కితే గోడ నిలవదు. అందువల్ల పునాది మీద తారు పొర పరచి, దానిపై గోడ ఇరు అంచుల వెంట 10 సెంటీమీటర్ల ఎత్తున ఇటుక వరస కట్టి, నడిమి ఖాళీని గులకరాళ్ళతో నింపాలి. దాని మీద మొదటి వరస కట్టలు వస్తాయి. పది, ముప్పై అయిదు కలిస్తే 45 సెంటీమీటర్లు. మనిషి కాళ్ళు నేలకు ఆనించి కూర్చోవడానికి తగిన ఎత్తు ఇదే. కాబట్టి కిటికీ కింద ఒక్క వరస కట్టతో ఆపి, ఆ పైననే చట్రం అడుగు ఉంచాలి.

చట్రాన్ని గోడ బయటి అంచుకు దగ్గరగా అమర్చితే లోపల లోతు మిగులుతుంది. అయితే చట్రం పోగా మిగిలేది 35 సెంటీమీటర్లే. కుర్చీకి అది చాలదు. గోడ నుండి గదిలోకి మరో 15, 20 సెంటీమీటర్లు పలకను ముందుకు తేవాలి. పొడవు రెండు కట్టలంత, అంటే 180 సెంటీమీటర్లు, ఉంటే ఒకరు పడుకోవచ్చు. పలక కింద గడ్డి మాత్రమే ఉంటే కొన్నాళ్ళకు అది అణగి పలక వంగుతుంది. ముగ్గురు పెద్దవారు కూర్చుంటే రెండు వందల కిలోల బరువు పడుతుంది కనుక, వెనుక అంచును స్తంభాల మధ్య బిగించిన అడ్డ కర్ర మీద, ముందు అంచును ఇటుక కాళ్ళ మీద మోపాలి. పలకకు తాటి చేవ చెక్క చవకైనది. కడప బండ వేసవిలో చల్లగా ఉంటుంది కాని బరువెక్కువ. మోపులు దానికి తగినట్లు ఉండాలి.

అసలు కీలకం పలక కింద ఉంటుంది. కట్ట పైభాగాన్ని బయటికి రెండు మూడు సెంటీమీటర్ల వాలు వచ్చేలా మట్టితో సరిచేసి, దానిపై దళసరి పాలిథిన్ పట్టా ఒకటే ముక్కగా పరచాలి. అది లోపలివైపు 10 సెంటీమీటర్లు, రెండు పక్కలా 15 సెంటీమీటర్లు పైకి మడిచి ఉండాలి. బయటివైపు గోడ ముఖం దాటి కిందికి వేలాడాలి. మూలల వద్ద కత్తిరించకుండా మడవాలి. కత్తెర పడిన మూలే మొదటి తుపానుకు కారేది. బయట కిటికీ అడుగున కడప బండను వాలుగా, పూత ముఖం కంటే 5 సెంటీమీటర్లు ముందుకు వచ్చేలా పరచి, దాని అడుగు అంచున వేలి మందం గాడి తీయించాలి. గాడి లేకపోతే నీరు బండ అడుగు వెంట పాకి గోడలోకే చేరుతుంది. చెక్క చట్రానికి, పూతకు అతుకు నిలవదు. చెక్క ఉబ్బినప్పుడు, ఎండినప్పుడు అక్కడ సన్నని బీట ఏర్పడుతుంది. ఆ బీటను కొబ్బరి పీచు కలిపిన సున్నంతో పూడ్చి, పైన చెక్క పట్టీ కొట్టాలి.

ఒకచోట పట్టా మేలు చేసింది కదా అని గోడ మొత్తాన్ని పట్టాతో చుట్టడం పొరపాటు. గడ్డిలోకి చేరిన తేమ తిరిగి గాలిలోకి పోగలగాలి. ఏసీ పెట్టిన గదులలో ఈ విషయం మరింత ముఖ్యం. వెలుపలి ఉక్క గాలిలోని తేమ గోడ గుండా చల్లని గదివైపు ప్రయాణిస్తుంది. లోపలి ముఖానికి ఆయిలు పెయింటు వేసి ఉంటే దాని వెనుకనే నీరై నిలుస్తుంది. లోపల మట్టి పూత, దాని మీద వెల్ల మాత్రమే వేయాలి.

మందమైన గోడ గదిని చీకటి చేస్తుంది. కిటికీ ఇరుపక్కల కట్టల మూలలను రంపంతో ఏటవాలుగా కోసి, మెత్తని గుండ్రనితనం వచ్చేలా పూస్తే వెలుతురు విచ్చుకొంటుంది. వీపు ఆనించడానికి కూడా ఆ వంపు అనువుగా ఉంటుంది. కోసేటప్పుడు కట్ట తాళ్ళు తెగకుండా ముందే వేరే తాళ్ళు బిగించుకోవాలి.

పూత మట్టి విషయంలో రెండు జాగ్రత్తలు చాలు. నల్లరేగడి మట్టి ఒక్కటే పూస్తే బీటలు వారుతుంది. ఇసుక, పేడ, తరిగిన గడ్డి కలిపి, చిన్న మేర పూసి ఆరనిచ్చి చూసి పాళ్ళు నిర్ణయించుకోవాలి. చవిటి నేల మట్టిని, ఉప్పు బోరు నీటిని వాడకూడదు. ఉప్పు గాలిలోని తేమను పీల్చి పూతను ఎప్పుడూ చెమ్మగా ఉంచుతుంది. కాలువ నీరు మంచిది. బయటి పూతకు, వాన కొట్టే గోడలకు, తీరంలో దొరికే గుల్లసున్నం శ్రేష్ఠం.

అరుగు కింద ఏముండాలి

కిటికీ అరుగు కింద పెట్టె కట్టి పరుపులో పుస్తకాలో దాచుకొనే అలవాటు ఇతర దేశాలలో ఉంది. దివిసీమలో ఈ సలహా ఇవ్వడం ప్రమాదకరం. గడ్డిలో మిగిలిన గింజలకు ఎలుకలు వస్తాయి. ఎలుకల కోసం పాములు వస్తాయి. వర్షాకాలంలో పాముకాట్లు తరచుగా జరిగే ప్రాంతంలో, ఇంటి లోపల, పిల్లలు కాళ్ళు వేలాడేసే చోట చీకటి పెట్టె ఉంచరాదు. అరుగు ముందు భాగం కింద తెరిచి ఉండి, చీపురు, వెలుతురు రెండూ లోపలి గోడ దాకా పోయేలా ఉండాలి. అడుగు వరస కట్టలకు రెండు ముఖాలా పావు అంగుళం కన్నాల ఇనుప జాలీ బిగించి దాని మీద పూత వేయాలి. కోళ్ళ గూటికి వాడే జాలీ కన్నాల గుండా చుంచులు దూరుతాయి. గింజ ఎక్కువగా మిగిలిన కట్టలను ఇంటికి తేకుండా పశువులకు వేయడమే ఉత్తమం.

అరుగు మీద మంచినీళ్ళ కూజా పెట్టే అలవాటు గురించి కూడా చెప్పవలసి ఉంది. గాలి తగిలే కిటికీలో కూజా నీళ్ళు చల్లబడతాయి కాబట్టి దానికి అదే చోటు దొరుకుతుంది. కాని కూజా రోజంతా చెమరుస్తుంది, ఆ చెమ్మ వేసవి పొడుగునా పలక సందుల్లోకి దిగుతుంది. వాన వల్ల చెడని గోడ కూజా వల్ల చెడవచ్చు. దానికి పంచలో వేరే తిన్నె కట్టడం మేలు. అరుగు పరుపుకు బూరుగు దూది చాలు. నెలకొకసారి ఎండలో వేయాలి.

తేమ కనిపెట్టడం

పూత వెనుక ఏమి జరుగుతున్నదో బయటికి తెలియదు. అందుకు కట్టేటప్పుడే ఒక ఏర్పాటు చేసుకోవాలి. అరుగు కింద, లోపలి గోడ ముఖం నుండి కట్ట మధ్యకు చేరేలా బొటనవేలి లావు గొట్టం ఒకటి ఉంచి, దాని లోపలి కొస తెరిచి, అందులో గొట్టానికి సరిపడే మెత్తని చెక్క పుల్లను జొనిపి మూత పెట్టాలి. చెక్క చుట్టూ ఉన్న గడ్డిలోని తేమకు అనుగుణంగా తానూ తేమ పీలుస్తుంది. ఎండాకాలంలో పుల్ల బరువును బంగారం తూచే చిన్న కాటాలో తూచి రాసి పెట్టుకోవాలి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ప్రతి వాయుగుండం తరువాత వారానికి ఒకసారి తూచి చూడాలి. బరువు కొద్దిగా పెరిగి, జనవరిలో తిరిగి తగ్గితే గోడ ఆరుతున్నట్లే. సంక్రాంతి దాటినా తగ్గకపోయినా, పుల్ల ముక్క వాసన వేసినా నీరు ఎక్కడో దిగుతున్నదని గ్రహించాలి.

అటువంటప్పుడు గోడ పగలగొట్టే పని లేకుండా ఉండాలంటే పలకను మేకులతో కాక మరలతో బిగించి ఉండాలి. కిటికీ కింద కట్టల మీద కప్పు బరువు లేదు, చట్రం బరువు లేదు, కూర్చొనే వారి బరువూ లేదు. పలక విప్పి, పట్టా ఎత్తి, లోపలి పూతను ఆ మేరకే తొలగిస్తే చెడిన కట్ట ఒక్కటే బయటికి వస్తుంది. దాని స్థానంలో ఆ ఏడాది గడ్డితో కట్టిన కొత్త కట్టను బిగించి, నీరు దిగిన మూలను సరిచేసి, తిరిగి పూత వేయడానికి ఇద్దరు మనుషులకు మూడు రోజుల పని. ఇందుకోసం ప్రతి ఏడూ నాలుగు మంచి కట్టలను అటక మీద పొడిగా దాచుకోవాలి.